మయన్మార్ మారుమూలల్లో మానవతా సాయం: అపోహలు – వాస్తవాలు

2025 మార్చి 28 మధ్యాహ్నం మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. మాండలే, సగాయింగ్ నగరాలు బాగా దెబ్బతిన్నాయి. 3,700 మందికి పైగా చనిపోయారు. మన దేశం ‘ఆపరేషన్ బ్రహ్మ’ పేరుతో విమానాల్లో, ఓడల్లో సామగ్రి పంపింది. మాండలేలో మన సైనిక వైద్యులు ఆసుపత్రి నడిపారు. కొన్నాళ్లకు టీవీల్లో ఆ దేశం మాటే వినిపించకుండా పోయింది. అక్కడి జనం కష్టాలు మాత్రం తీరలేదు. 2025లో అక్కడ దాదాపు 2 కోట్ల మందికి సాయం అవసరమని ఐక్యరాజ్యసమితి భూకంపానికి ముందే లెక్కగట్టింది. అంటే దేశ జనాభాలో మూడో వంతు పైమాటే.

మయన్మార్ పాలన టౌన్‌షిప్‌ల లెక్కన సాగుతుంది. మన మండలం, పాత తాలూకా లాంటివి ఇవి. దేశం మొత్తం మీద 330 ఉన్నాయి. వీటిలో కొండల్లో, నదీపాయల మధ్య, సరిహద్దుల్లో ఉన్నవాటికి సాయం చేరడమే కష్టం.

ఒకప్పుడు బర్మాగా పిలిచిన ఆ దేశం తెలుగువాళ్లకు కొత్తది కాదు. ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఓడలెక్కి ‘రంగం’ (రంగూన్, ఇప్పటి యాంగోన్) పోయి, రేవుల్లో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన కుటుంబాలు ఎన్నో. 1942లో జపాన్ దాడప్పుడు కొందరు, 1960లలో నె విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరికొందరు అన్నీ వదిలేసి తిరిగొచ్చారు. ‘బర్మా కాందిశీకులు’ అనిపించుకున్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. కట్టుబట్టలతో రావడం అంటే ఏమిటో ఆ ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. అందుకే అక్కడి ప్రజలకు అందాల్సిన సాయం గురించి మనలో పాతుకుపోయిన కొన్ని అపోహలను సరిచేసుకోవాలి.

అపోహ 1: అక్కడ తిండిగింజలు లేవు. బియ్యం పంపితే ఆకలి తీరుతుంది.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా. ఇప్పటికీ ఎగుమతి చేస్తూనే ఉంది. చాలాచోట్ల ఆకలికి కారణం గింజ లేకపోవడం కాదు, గింజ వచ్చే దారి మూసుకుపోవడం.

చిన్ రాష్ట్రానికి దక్షిణపు కొసన ఉన్న పలెట్వా టౌన్‌షిప్‌నే చూడండి. ఒకవైపు మన మిజోరం, మరోవైపు బంగ్లాదేశ్. కొండవాలుల్లో పోడు కొట్టి పండించుకునేది ఏడాది పొడవునా చాలదు. తక్కిన బియ్యం దిగువన ఉన్న రఖైన్ రాష్ట్ర మైదానం నుంచి కలదాన్ నది మీదుగా పడవల్లో రావాలి. 2020 మొదట్లో మయన్మార్ సైన్యానికీ రఖైన్ సాయుధ దళమైన అరాకాన్ ఆర్మీకీ మధ్య పోరు ముదిరి ఆ దారి మూతపడింది. కింద ధాన్యం ఉంది, పైన కొండ మీద కుండలు ఖాళీ అయ్యాయి. ఆ ఏప్రిల్‌లో పలెట్వాకు బియ్యం తీసుకెళ్తున్న ప్రపంచ ఆహార కార్యక్రమం లారీలపై కూడా దాడి జరిగింది.

ఆ తర్వాత రఖైన్ మైదానానికే ఆ గతి పట్టింది. రఖైన్‌లోని 17 టౌన్‌షిప్‌లలో 14 ఒక్కొక్కటిగా అరాకాన్ ఆర్మీ చేతిలోకి వెళ్తుండగా, 2021లో అధికారం చేజిక్కించుకున్న సైనిక ప్రభుత్వం రాకపోకలను దిగ్బంధించింది. విత్తనాలు లేవు, ఎరువులు లేవు, పొలానికి పోదామంటే ప్రాణభయం. 2025 మార్చి–ఏప్రిల్ నాటికి అక్కడి పంట అవసరంలో 20 శాతానికే సరిపోతుందని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2024 నవంబరులో హెచ్చరించింది. వరి పండే నేలలో కరువు ముంచుకొచ్చిందంటే అది మనుషులు తెచ్చిన కరువే.

నిజంగా గింజ దొరకని కరువులూ లేకపోలేదు. చిన్, మిజోరం కొండల్లో సుమారు 48 ఏళ్లకోసారి వెదురు పూస్తుంది. రాలిన వెదురు గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, తర్వాత పంట మీద పడతాయి. 2006–08 మధ్య అదే జరిగింది. అలాంటప్పుడు బియ్యం పంపాల్సిందే. ఏ ఆకలికి ఏది కారణమో ముందు తెలుసుకోవాలి.

అపోహ 2: ఏమీ లేనివాళ్లకు ఏది పంపినా పనికొస్తుంది.

వాస్తవం: పంపే ప్రతి మూటకూ పడవలో చోటు కావాలి, మోసే మనిషి కావాలి, దించాక విడదీసి పంచేవాళ్లు కావాలి. పాత బట్టల మూటలు వెళ్తే మందులకో టార్పాలిన్లకో ఆ మేరకు చోటు తగ్గుతుంది. స్థానిక భాషలో చీటీ లేని మందులు, గడువు దగ్గరపడిన మందులు అక్కడి ఆరోగ్య కార్యకర్త నెత్తిన భారమే. వాటిని ఏరడానికి, పారేయడానికి మళ్లీ మనుషులు కావాలి.

పాలపొడి సంగతి మరీ ప్రమాదం. 2006లో ఇండోనేషియాలోని యోగ్యకర్త భూకంపం తర్వాత పసిపిల్లలకు దానంగా పాలపొడి విరివిగా పంచారు. తర్వాత జరిపిన పరిశీలనలో, ఆ పొడి అందుకున్న పిల్లల్లో విరేచనాలు మిగతా పిల్లల కంటే రెట్టింపుకు పైగా కనిపించాయి. శుభ్రమైన నీళ్లు లేనిచోట సీసా పాలు పట్టడమంటే రోగాన్ని పట్టడమే. తల్లిపాలు ఇచ్చే తల్లికి కడుపునిండా తిండి అందేలా చూడటం బిడ్డకు చేసే అసలైన మేలు.

అపోహ 3: చేతికి డబ్బిస్తే తాగి తగలేస్తారు.

వాస్తవం: పేదల గురించి ఏ దేశంలోనైనా వినిపించే నింద ఇది. ప్రపంచ బ్యాంకుకు చెందిన ఎవాన్స్, పొపొవా అనే ఆర్థికవేత్తలు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో జరిగిన అధ్యయనాలను 2014లో ఒకచోట పెట్టి పరిశీలించారు. నగదు సాయం అందినందువల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్టు తేలలేదు. సగటున కాస్త తగ్గినట్టే కనిపించింది.

ఇల్లు కూలినవాళ్లలో ఒకరికి రేకులు కావాలి, ఒకరికి మందులు కావాలి, ఇంకొకరు అప్పు తీర్చి దుక్కి ఎద్దును విడిపించుకోవాలి. ఆ లెక్క ఆ ఇంటివాళ్లకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు. పైగా ఆ డబ్బు దగ్గర్లోని సంతలోనే ఖర్చయి అక్కడి కొట్లు మళ్లీ తెరుచుకుంటాయి. అయితే ఒక షరతు ఉంది. సంతలో సరుకు ఉన్నచోటే నగదు పనిచేస్తుంది. దిగ్బంధంలో ఉన్న ఊళ్లో చేతినిండా డబ్బున్నా కొనడానికి ఏమీ ఉండదు. అక్కడ సరుకే చేరాలి.

అపోహ 4: ప్రాణాలు కాపాడేది బయటి నుంచి వచ్చిన బృందాలే.

వాస్తవం: శిథిలాల కింద ఉన్నవాళ్లలో ఎక్కువమందిని మొదటి గంటల్లో బయటికి లాగేది ఇరుగుపొరుగే. విదేశీ బృందం విమానం దిగేసరికి ఆ గంటలు గడిచిపోతాయి.

2008 మే 2న నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాను ముంచెత్తింది. చనిపోయినవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి దాదాపు 1,38,000 మంది. లబుట్టా, బొగలే టౌన్‌షిప్‌లలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటి సైనిక ప్రభుత్వం విదేశీ సహాయక సిబ్బందిని రానివ్వలేదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ స్వయంగా వెళ్లి సీనియర్ జనరల్ థాన్ ష్వేతో మాట్లాడాక, మే 23న గానీ దారి తెరుచుకోలేదు. ఆ మూడు వారాలూ డెల్టా జనాన్ని నిలబెట్టింది ఎవరు? బౌద్ధ మఠాలు తలుపులు తెరిచి వేలమందికి నీడనిచ్చాయి. యాంగోన్‌లోని మామూలు కుటుంబాలు బియ్యం, బట్టలు, మంచినీళ్లు కార్లలో వేసుకుని బయల్దేరాయి.

అలా సాయానికి దిగిన వాళ్లలో ప్రముఖ హాస్యనటుడు జర్గనార్ ఒకరు. బాధితుల దుస్థితి గురించి విదేశీ విలేకరులతో మాట్లాడినందుకు 2008 జూన్‌లో ఆయన్ను అరెస్టు చేశారు. తర్వాత దశాబ్దాల జైలుశిక్ష వేశారు. 2011 అక్టోబరులో గానీ విడుదల కాలేదు. సాటి మనిషికి తోడు నిలవడానికి అక్కడివాళ్లు చెల్లించిన మూల్యం అది.

అపోహ 5: శవాలు కుళ్లితే అంటురోగాలు ప్రబలుతాయి. ముందు వాటిని పూడ్చేయాలి.

వాస్తవం: విపత్తులో చనిపోయినవాళ్లు ఎక్కువగా దెబ్బలకో, నీట మునిగో పోతారు, అంటువ్యాధితో కాదు. అలాంటి శవాల వల్ల మహమ్మారి పుట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నాళ్లుగానో చెబుతోంది. కలరా లాంటి జబ్బుతో చనిపోయినప్పుడు, శవాలు తాగునీటిలో పడినప్పుడు మాత్రం జాగ్రత్త తప్పనిసరి. హడావిడిగా గుంత తవ్వి అందరినీ కలిపి పూడిస్తే చివరిచూపు దక్కదు, ఎవరు పోయారో తేలదు. భర్త మరణానికి ఆధారం లేక భార్యకు భూమి హక్కు, పరిహారం చిక్కుల్లో పడతాయి.

రోగం తెచ్చేది నీళ్లు. ఐరావతి డెల్టా పల్లెల్లో తాగేది వాననీటి చెరువుల నీళ్లే. నర్గీస్ ఉప్పెనకు వాటిలోకి సముద్రపు నీరు చేరింది. చెరువు తోడి, బురద తీసి, మళ్లీ వాన కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. మానవతా సాయంలో అందరూ పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు కావాలి. తాగడానికి, వంటకు, కడుక్కోవడానికి అన్నిటికీ కలిపే ఆ లెక్క.

అపోహ 6: నిధులుంటే చాలు, సాయం దానంతటదే చేరుతుంది.

వాస్తవం: డబ్బు లేకుండా ఏదీ జరగదు. కానీ డబ్బుంటే సరిపోదు. సైన్యం చేతిలో ఉన్న ప్రాంతాల్లో సహాయ సంస్థలు ప్రయాణానికి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. 2023 మేలో మోఖా తుపాను రఖైన్‌ను చిందరవందర చేసింది. నెల తిరగకముందే, జూన్ 8న, ఆ రాష్ట్రంలో సహాయ సంస్థల ప్రయాణ అనుమతులు నిలిపేశారు. ఇళ్లకు పైకప్పులు లేవు, వానాకాలం వచ్చేసింది. 2022 అక్టోబరులో తెచ్చిన చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా స్వచ్ఛంద సంస్థ నడిపితే అయిదేళ్ల వరకు జైలు. దీనికి తోడు మందుపాతరలు. 2023లో మయన్మార్‌లో వాటివల్ల చనిపోయిన, గాయపడిన వాళ్లు 1,003 మంది. ఆ ఏడాది ప్రపంచంలో అదే అత్యధికం.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా సాయం చేరుతోందంటే కాలినడకన పోయేవాళ్ల వల్లే. 1998లో థాయిలాండ్ సరిహద్దు కేంద్రంగా బ్యాక్‌ప్యాక్ హెల్త్ వర్కర్ టీమ్ మొదలైంది. దాని వెనుక ఉన్నది థాయ్ సరిహద్దు పట్టణం మే సోట్‌లో శరణార్థుల కోసం ఆసుపత్రి నెలకొల్పిన డాక్టర్ సింథియా మాంగ్. ఆమె 2002లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. ఈ బృందాల్లో పనిచేసేది ఆ కొండల్లో పుట్టి పెరిగినవాళ్లే. మందులు వీపు సంచిలో సర్దుకుని ఊరూరూ తిరుగుతారు. జ్వరంతో ఉన్న పిల్లవాడి వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి మలేరియా కిట్ మీద వేస్తే, కాసేపట్లో గీత కనిపిస్తుంది. జబ్బు తేలితే అక్కడే మాత్రలు మొదలుపెడతారు, పూర్తిగా వాడాలని తల్లికి చెబుతారు. ఆ పల్లెకు అదే ఆసుపత్రి.

ప్రమాదం కూడా ఎక్కువగా స్థానికులదే. 2020 ఏప్రిల్‌లో రఖైన్‌లోని మిన్‌బ్యా టౌన్‌షిప్‌లో కోవిడ్ నమూనాలు తీసుకెళ్తున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ డ్రైవరు కాల్పుల్లో చనిపోయాడు. 2024లో ప్రపంచవ్యాప్తంగా 383 మంది సహాయ కార్యకర్తలు హతులయ్యారు. వాళ్లలో అత్యధికులు తమ సొంత దేశంలో, సొంత జనానికి సేవ చేస్తున్నవాళ్లు. ప్రాణాలకు తెగించేది వీళ్లయినా నిధుల్లో వీళ్ల చేతికి నేరుగా వచ్చేది చాలా కొద్ది. కనీసం 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక, జాతీయ సంస్థలకే అందాలని 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా మహాసభలో దాతలు, పెద్ద సంస్థలు ఒప్పుకున్నాయి. అందుకు పెట్టుకున్న 2020 గడువు దాటిపోయింది. మాట నిలబడలేదు.

అపోహ 7: కొన్ని వారాలు గడిస్తే అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: సర్దుకునేది వార్తలే. 2021 ఫిబ్రవరి 1 సైనిక తిరుగుబాటు తర్వాత మయన్మార్‌లో దేశం లోపలే నిర్వాసితులైనవాళ్లు 35 లక్షలు దాటారు. వేలాది చిన్ కుటుంబాలు తియావ్ నది దాటి మిజోరం చేరాయి. అక్కడి జనం, చర్చిలు తమకున్నదాంట్లోనే పంచుకుని వాళ్లను ఆదుకున్నారు.

అవసరం పెరుగుతుంటే నిధులు తరిగిపోతున్నాయి. 2025 మార్చి 14న, భూకంపానికి సరిగ్గా రెండు వారాల ముందు, ప్రపంచ ఆహార కార్యక్రమం ఒక ప్రకటన చేసింది. నిధులు లేక ఏప్రిల్ నుంచి మయన్మార్‌లో 10 లక్షల మందికి పైగా ఆహార సాయం ఆపేయక తప్పదని చెప్పింది. అదే నెలలో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. భూకంపం వీటి తర్వాత వచ్చింది. తిండి సాయం ఆగిపోనున్న దేశం మీదే గోడలు కూలాయి.

మనం చేయగలిగింది

మయన్మార్‌కైనా, మరో చోటికైనా సాయం చేయాలనుకున్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ సంస్థ విపత్తుకు ముందు నుంచే అక్కడ పనిచేస్తోందా? ఇందులో స్థానికుల మాటకు విలువ ఉందా? పంపుతున్నది వాళ్లు అడిగిందేనా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే, వస్తువుల కంటే డబ్బు ఇవ్వండి. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి మరిచిపోవడం కంటే, నెలనెలా ఇవ్వగలిగినంత ఇవ్వడం మేలు. బియ్యం పడవ ఒక్కరోజులో ఎగువకు చేరదు, ఉప్పు చేరిన చెరువు ఒక్క వానకు తేరుకోదు.

డబ్బు ఇవ్వలేనివాళ్లు అబద్ధాన్ని ఆపగలరు. ‘డబ్బిస్తే తాగేస్తారు’, ‘శవాలతో రోగాలొస్తాయి’, ‘పాలపొడి పంపండి’ అనే సందేశం ఫోన్‌లోకి వస్తే ఇంకొకరికి పంపకండి, పంపినవాళ్లకు నిజం చెప్పండి. ఒకప్పుడు కాందిశీకులై తిరిగొచ్చిన మనవాళ్లకు చోటిచ్చిన నేల ఇది. ఆ దేశంలో ఈరోజు నిలువనీడ లేనివాళ్ల గురించి సరిగ్గా తెలుసుకుని, సరిగ్గా సాయపడటం మన బాధ్యత.