90లో 53.. ఆ ఆఖరి కుర్చీ ఎవరిది?

2023 ఆగస్టు 26, శనివారం రాత్రి. టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ స్టేడియం. డాలస్ కౌబాయ్స్, లాస్ వేగాస్ రైడర్స్ మధ్య ప్రీ సీజన్ మ్యాచ్. గెలిచినా ఓడినా పాయింట్ల పట్టికలో ఎక్కని ఆట. కౌబాయ్స్ తరఫున మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది విల్ గ్రియర్. 35 పాస్‌లు విసిరితే 29 చేతికందాయి. 305 గజాలు. రెండు టచ్‌డౌన్లు విసిరాడు, మరో రెండు తనే పరిగెత్తి కొట్టాడు. టీమ్ 31-16తో గెలిచింది.

అయినా అతని ఉద్యోగం పోయింది. ఆ మ్యాచ్ బాగా ఆడనందుకు కాదు. ముందు రోజే అతని కుర్చీలోకి ఇంకొకర్ని తెచ్చేశారు. ఆ సంగతి గ్రియర్‌కి తెలుసు, స్టేడియంలో కూర్చున్నవాళ్లకీ తెలుసు. తెలిసే ఆడాడు.

ఆ రాత్రి కౌబాయ్స్ ఫ్యాన్స్ ఫోన్లు వేడెక్కిపోయాయి. అందులో మనోళ్ల ఫోన్లూ ఉన్నాయి. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు. కౌబాయ్స్ హెడ్ ఆఫీసు, ప్రాక్టీస్ మైదానం ఉన్న ‘ది స్టార్’ ఫ్రిస్కోలోనే ఉంది. అంతకు ముందు 2016 దాకా ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో ఉండేది. అవును, మీ బావో బాబాయో ఉంటున్న అదే వ్యాలీ రాంచ్.

ఈ టీమ్ ఫ్యాన్స్‌ని అర్థం చేసుకోవడం మనకి తేలికే. ఆఖరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1995 సీజన్‌లో. అప్పట్నుంచీ ప్రతి ఏడూ ‘ఈసారి మనదే’. ఆర్‌సీబీ వాళ్లకి 2025లో 18 ఏళ్ల నిరీక్షణ తీరింది కాబట్టి ఇప్పుడు ఈ బాధలో వీళ్లు ఒంటరివాళ్లు. 

56 దగ్గర మొదలయ్యే గొడవ

లెక్క ఇదీ. జూలై చివర్లో ట్రైనింగ్ క్యాంప్ మొదలైనప్పుడు ఒక్కో టీమ్‌లో 90 మంది ఉండొచ్చు. కౌబాయ్స్ క్యాంప్ డాలస్ ఎండలో కాదు, కాలిఫోర్నియా తీరంలో ఆక్స్‌నార్డ్ అనే ఊళ్లో పెడతారు. ఆగస్టు ఆఖర్లో ఒక రోజు 90 కాస్తా 53 కావాలి. ఇంతకు ముందు దశలవారీగా తగ్గించేవాళ్లు. 2023 నుంచి ఒకే దెబ్బ. మొత్తం 32 టీమ్‌లలో కలిపి ఆ ఒక్క రోజుకి వెయ్యి మందికి పైగా చోటు కోల్పోతారు. ఆ కబురు మోసుకొచ్చే ఉద్యోగికి ఆటగాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘టర్క్’. వచ్చి భుజం తట్టి, ‘కోచ్ పిలుస్తున్నారు, ప్లేబుక్ కూడా పట్టుకురా’ అన్నాడంటే అంతే సంగతులు.

క్యాంప్ జరిగే ఆ నాలుగైదు వారాలూ ప్రతి ఫ్యానూ సొంతంగా ఒక 53 జాబితా రాస్తాడు. రాసి ఫ్రెండ్స్‌కి పంపుతాడు. సంభాషణ దాదాపు ఇలాగే ఉంటుంది.

‘‘మామా, నా 53 ఫైనల్.’’

‘‘లెక్కపెట్టావా?’’

‘‘ఆగు.. 56 వచ్చింది.’’

‘‘అయితే ముగ్గుర్ని కొట్టెయ్.’’

అక్కడ మొదలవుతుంది అసలు యుద్ధం. మొదటి 45 పేర్లు ఎవరు రాసినా ఇంచుమించు ఒకటే. ఎటాక్‌లో 11 మంది, డిఫెన్స్‌లో 11 మంది, బంతి తన్నేవాళ్లు, వాళ్లకి బంతి అందించేవాడు, రిజర్వులు. గొడవంతా మిగిలిన ఏడెనిమిది కుర్చీల గురించే. స్టార్ ఆటగాడి కోసం ఆగస్టులో ఎవరూ పోట్లాడుకోరు. ఐదో రిసీవర్ కోసం, మూడో క్వార్టర్‌బ్యాక్ కోసం ప్రాణస్నేహితులు కూడా రెండు రోజులు మాట్లాడుకోరు.

మనకిది కొత్తేం కాదు. 2019 వరల్డ్ కప్‌కి అంబటి రాయుడిని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ని తీసుకున్నప్పుడు మన ఇళ్లలో ఏం జరిగిందో గుర్తుందా? 15 మందిలో ఒక్క పేరు కోసం ఎన్ని నెలలు తిట్టుకున్నాం! ఇక్కడ 53 పేర్లు. పైగా ప్రతి ఏడాదీ.

తేడా ఒక్కటే. రాయుడికి వరల్డ్ కప్ పోయింది. ఇక్కడ 54వ వాడికి పోయేది ఉద్యోగం. 2023లో కొత్త కుర్రాడు 53లో ఉంటే కనీస జీతం సీజన్‌కి 7,50,000 డాలర్లు. అదే టీమ్‌లో ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి వెళ్తే కనీసం వారానికి 12,000. సీజన్ 18 వారాలకీ కలిపితే 2,16,000. మధ్యలో తీసేస్తే అదీ ఆగిపోతుంది. ఒకే క్యాంప్, ఒకే భోజనాల గది, ఒకే చెమట.

‘బాగా ఆడేవాణ్ణి ఎందుకు తీసేశారు?’

ఫ్యాన్ ఎప్పుడూ ఆటగాణ్ణి చూస్తాడు. క్లబ్ కుర్చీల్ని చూస్తుంది. గొడవలన్నిటికీ మూలం ఇదేనని నాకనిపిస్తుంది.

ఐదో రిసీవర్‌నే తీసుకోండి. ప్రీ సీజన్‌లో గాల్లోకి ఎగిరి ఒంటి చేత్తో క్యాచ్ పట్టాడు, వీడియో ఊరంతా తిరిగింది. ‘వీణ్ణి తీసేస్తే కోచ్‌కి కళ్లు లేనట్టే’ అంటాం. కానీ అసలు మ్యాచ్‌లో ఐదో రిసీవర్ వైపు బంతి వచ్చేదే తక్కువ. అతను చేయాల్సిన పని వేరే ఉంది. కిక్ పడినప్పుడు 50 గజాలు పరిగెత్తి అవతలివాణ్ణి పడగొట్టాలి. దాన్ని స్పెషల్ టీమ్స్ అంటారు. అది చేతకాకపోతే ఒంటి చేతి క్యాచ్ గాల్లోనే ఉండిపోతుంది.

రెండోది వెయివర్స్. దీన్ని ఐటీ వాళ్లకి చెప్పడం సులువు. నాలుగు సీజన్ల సర్వీసు లేని ఆటగాణ్ణి తీసేస్తే అతను వెంటనే స్వేచ్ఛాజీవి కాడు. 24 గంటలపాటు మిగతా 31 టీమ్‌లూ అతని పేరు చూస్తాయి. ఎవరు చెయ్యెత్తితే వాళ్లకి, అదే కాంట్రాక్టుతో, అతని ఇష్టంతో పని లేకుండా వెళ్లిపోతాడు. ఇద్దరు ముగ్గురు ఎత్తితే కిందటి ఏడాది అట్టడుగున ఉన్న టీమ్‌కి మొదటి హక్కు. ఎవరూ అడగకపోతే అప్పుడు పాత టీమే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తీసుకోవచ్చు. అంటే బెంచ్ అన్నమాట. 16 మంది ఉంటారు, రోజూ సాధన చేస్తారు, ప్రాజెక్టు వస్తే పిలుస్తారు.

నాలుగు సీజన్లు దాటిన సీనియర్‌కి ఆగస్టులో ఈ వెయివర్స్ వర్తించదు. అందుకే క్లబ్బులు ఒక కిటుకు వాడతాయి. నమ్మకమైన సీనియర్‌ని ‘ఇవాళ తీసేస్తున్నాం, రేపు వచ్చి సంతకం పెట్టు’ అని పంపించి, ఎవరైనా ఎగరేసుకుపోతారన్న భయం ఉన్న కుర్రాణ్ణి ఆ ఒక్క రోజు కాపాడుకుంటాయి. ఈ సంగతి తెలియని ఫ్యాన్ ఆ ఒక్క రోజూ బీపీ పెంచుకుంటాడు. తెలిసినవాడు ‘రేపు చూడు’ అని ఊరుకుంటాడు. గ్రూపులో ఎవరు సీనియర్ ఫ్యానో కనిపెట్టడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ప్లేనో కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు

2023 క్యాంప్‌కి తిరిగొద్దాం. ఆ ఏడాది కౌబాయ్స్ ఫ్యాన్స్‌కి ప్రధాన తలనొప్పి కిక్కర్. జనవరిలో టాంపా బేతో ప్లేఆఫ్ మ్యాచ్‌లో బ్రెట్ మేహర్ నాలుగు ఎక్స్‌ట్రా పాయింట్లు వరసగా మిస్ చేశాడు. మామూలుగా పదికి తొమ్మిది పైగా గోల్ మధ్యలోంచి వెళ్లిపోయే కిక్ అది. టీమ్ ఆ మ్యాచ్ గెలిచింది కాబట్టి సరిపోయింది.

కాబట్టి అందరూ కోరుకున్నది ఒకటే. పేరున్న, అనుభవమున్న కిక్కర్ కావాలి. క్లబ్ తెచ్చిందేమో 28 ఏళ్ల బ్రాండన్ ఆబ్రీని. ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. కాలేజీలో ఆడింది మనం ఫుట్‌బాల్ అనే ఆట, అంటే సాకర్. టొరంటో ఎఫ్‌సీ 2017లో ఎంపిక చేసుకుంది కానీ అక్కడ కెరీర్ సాగలేదు. తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరాడు. 2019లో ఇంట్లో టీవీలో మ్యాచ్ చూస్తుంటే ఎవరో కిక్కర్ మిస్ చేశాడట. ‘ఇది నువ్వూ చేయగలవు కదా’ అంది భార్య. అక్కడ మొదలైంది. యూఎస్ఎఫ్ఎల్ అనే చిన్న లీగ్‌లో బర్మింగ్‌హామ్ స్టాలియన్స్‌కి రెండు సీజన్లు ఆడి, రెండుసార్లూ టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. పెరిగింది ప్లేనోలో.

‘సాకర్ ఆడుకునేవాడిని తెచ్చి మన నెత్తిన పెడతారా’ అన్నారు ఫ్యాన్స్. వాళ్ల తప్పు కూడా లేదు. క్యాంప్‌లో పోటీదారు ట్రిస్టన్ విజ్‌కైనోని క్లబ్ పంపించేశాక గోల ఇంకా పెరిగింది. సీజన్ మొదటి మ్యాచ్‌లో న్యూయార్క్ జెయింట్స్ మీద ఆబ్రీ మొట్టమొదటి ఎక్స్‌ట్రా పాయింట్ మిస్ చేశాడు! ఆ రెండు నిమిషాలు డాలస్ గ్రూపుల్లో ఏం మెసేజ్‌లు వెళ్లి ఉంటాయో ఊహించుకోండి.

ఆ తర్వాత అతను వరసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. కెరీర్ మొదట్లోనే ఒక్కటీ పోకుండా అన్ని కొట్టినవాడు ఎన్ఎఫ్ఎల్‌లో అంతకు ముందు లేడు. 2024లో బాల్టిమోర్ మీద 65 గజాల నుంచి కూడా కొట్టాడు. అప్పట్లో జాబితాలోంచి అతని పేరు కొట్టేసిన స్క్రీన్‌షాట్లు ఇప్పుడెవరూ బయటికి తీయడం లేదు.

అందరూ ఒకణ్ణే చూస్తుంటే..

ఆ క్యాంప్‌లో ముద్దుబిడ్డ మాత్రం డ్యూస్ వాన్. రన్నింగ్ బ్యాక్. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. ఎన్ఎఫ్ఎల్‌లో అది దాదాపు వింత. అతని తండ్రి క్రిస్ వాన్ కౌబాయ్స్ క్లబ్‌లోనే స్కౌట్. ఆరో రౌండ్‌లో కొడుకుని ఎంపిక చేసిన కబురు తండ్రే ఫోన్ చేసి చెప్పాడు. ఆ వీడియో చూసి కన్నీళ్లు పెట్టుకోని ఫ్యాన్ లేడు. ప్రీ సీజన్‌లో టచ్‌డౌన్ కూడా కొట్టేసరికి అందరి జాబితాల్లోనూ వాన్ పేరు పక్కాగా చేరింది. క్లబ్ కూడా ఉంచింది.

అదే గదిలో ఇంకొకడున్నాడు. రీకో డౌడల్. 2020 డ్రాఫ్ట్‌లో అతన్ని 32 టీమ్‌లలో ఏ ఒక్కటీ ఎంపిక చేయలేదు. వచ్చాక వరసగా గాయాలు. ‘ఎప్పుడూ దెబ్బలేగా, వీడెందుకు’ అని చాలా జాబితాల్లో అతని పేరు పక్కన ప్రశ్నార్థకం. ఆ 2023 సీజన్‌లో వాన్ 23 సార్లు బంతి పట్టి 40 గజాలు పరిగెత్తాడు. మరుసటి ఏడాది డౌడల్ 1,079 గజాలు. డ్రాఫ్ట్‌లో ఎంపిక కాకుండా వచ్చి కౌబాయ్స్‌కి సీజన్‌లో వెయ్యి గజాలకి పైగా పరిగెత్తినవాడు చరిత్రలో అతనొక్కడే.

వాన్‌ని ప్రేమించినందుకు ఎవర్నీ తప్పుపట్టను. నేనూ ఆ వీడియో నాలుగుసార్లు చూశాను.

మూడో క్వార్టర్‌బ్యాక్

ఇక గ్రియర్. అతని కుర్చీలోకి వచ్చింది ట్రే లాన్స్. 2021 డ్రాఫ్ట్‌లో మూడో స్థానం కుర్రాడు. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అతని కోసం భారీగా డ్రాఫ్ట్ ఎంపికలు ఇచ్చుకుంది. గాయాలు, దానికి తోడు బ్రాక్ పర్డీ. పర్డీ 2022 డ్రాఫ్ట్‌లో 262వ వాడు, అంటే అందరికంటే ఆఖరివాడు. ఆ ఆఖరివాడు వచ్చి మూడోవాణ్ణి నెట్టేశాడు. కౌబాయ్స్ నాలుగో రౌండ్ ఎంపిక ఒకటిచ్చి లాన్స్‌ని తెచ్చుకుంది. లాన్స్ వచ్చి గ్రియర్‌ని నెట్టేశాడు.

ఫ్యాన్స్ రెండుగా చీలిపోయారు. ‘టాలెంట్ చవగ్గా దొరికింది, పట్టేశారు’ అన్నది ఒక వర్గం. ‘నాలుగో రౌండ్ అంటే చవకా? మన డాక్ ప్రెస్కాట్ వచ్చింది నాలుగో రౌండ్‌లోనే కదా’ అన్నది రెండో వర్గం. ఆ వాదనకి జవాబు కష్టం. డాక్ 2016లో 135వ ఎంపిక. ప్రీ సీజన్‌లో టోనీ రోమో గాయపడితే కుర్రాడు దిగి 13 మ్యాచ్‌లు గెలిపించాడు. రోమో అయితే 2003లో డ్రాఫ్ట్‌లోనే లేడు. రోమో నుంచి డాక్ దాకా క్వార్టర్‌బ్యాక్‌ల విషయంలో ఈ క్లబ్‌ది ‘చివర్లో దొరికినవాళ్ల’ కథే.

ఇందులో ఇంకో చిన్న విషయం. గ్రియర్ డాలస్ వచ్చింది కూడా ఇదే గేటు నుంచి. 2021లో కరోలినా పాంథర్స్ అతన్ని తీసేస్తే, కౌబాయ్స్ వెయివర్స్‌లో చెయ్యెత్తి తీసుకుంది. ఆ రోజు డాలస్‌లోనూ ఎవరికో చోటు పోయే ఉంటుంది. ఆ పేరు మనకెవరికీ గుర్తులేదు.

లాన్స్ 2023 సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. గ్రియర్ సిన్సినాటి వెళ్లాడు, అక్కడ్నుంచి న్యూ ఇంగ్లండ్ వెళ్లాడు, తర్వాత ఇంకో ఊరు. 2024 నవంబరులో డాక్‌కి తొడ కండరం దెబ్బతిని సీజన్ ముగిసిపోయింది. కౌబాయ్స్‌కి అర్జెంటుగా ఇంకో క్వార్టర్‌బ్యాక్ కావాల్సి వచ్చింది. ఫోన్ చేసింది గ్రియర్‌కే. వచ్చాడు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, వారం జీతం మీద. అప్పటికి లాన్స్ ఇంకా అదే టీమ్‌లో ఉన్నాడు. 2025 జనవరిలో, సీజన్ ఆఖరి మ్యాచ్‌లో, కౌబాయ్స్ తరఫున మొదటిసారి ఆట మొదలుపెట్టాడు.