సద్దిమూటలోని వేరుశనగ

శనివారము తెల్లవారుజామున లింగంపల్లి రైల్వే స్టేషనులో ఒక క్రొత్త యాత్రికవర్గము కనబడుచుండును. వారమంతయు హైటెక్ సిటీలోను, గచ్చిబౌలిలోను కంప్యూటరుల యెదుట కూర్చుండి పనిచేసిన యువతీయువకులు వీపున బరువైన సంచులు తగిలించుకొని వికారాబాదు వైపు పోవు బండికై నిరీక్షించుచుందురు. మూసీనది పుట్టినచోటైన అనంతగిరి కొండలలో రెండు దినములు నడచుటకు వారి ప్రయాణము. ఆ సంచులలో గుడారము, కంబళి, నీళ్ల సీసాలతోపాటు తరచుగా ఒక డబ్బా కూడ ఉండును. దానిపై ‘పీనట్ బటర్’ అని వ్రాసియుండును.

పేరులో వెన్న యున్నదేగాని, ఆ డబ్బాలో పాలచుక్క లేదు. అది వేయించి మెత్తగా నూరిన వేరుశనగపప్పు. తెలంగాణములో పల్లీలని, రాయలసీమలో బుడ్డలని, చెనిక్కాయలని పిలువబడు గింజయే అది. గింజ బరువులో సగమునకు కొంచెము తక్కువగా నూనె ఉండును. ఆ నూనె సూక్ష్మమైన కణములలో బంధింపబడియుండును. రోటిలో దంచునప్పుడు మొదట పలుకులగును, పిమ్మట పొడియగును. ఇంకను దంచినచో కణములు పగిలి నూనె వెలువడి, పొడి ముద్దగా మారును. చుక్క నీరు చేర్చకయే పిండి తనంతట తాను తడియగుట బాలబాలికలకు వింతగా తోచును. కర్మాగారములలో జరుగునదియు ఇదియే. నూనె పైకి తేలకుండుటకై అనేక కంపెనీలవారు గడ్డకట్టు స్వభావము గల నూనెను కొలదిగా కలుపుదురు, అంతియే భేదము.

ప్రయాణమునకు ఆహారము కట్టుకొనుట తెలుగువారికి క్రొత్తగాదు. సంస్కృతమున దీనికి పాథేయమని పేరు. తెలుగున సద్ది యనియు, దారిబత్తెమనియు అందురు. పోతన భాగవతములో గోపబాలురు అడవిలో కృష్ణునితో కూడి చల్దులారగించిన ఘట్టమును ఎరుగని తెలుగు విద్యార్థి ఉండడు. 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రా చరిత్రలో ఏ మజిలీయందు నీరు దొరకునో, ఎచ్చట అంగడి యున్నదో శ్రద్ధతో వ్రాసియుంచెను. తరువాత పోవువాడు ఆకలిదప్పులకు లోనుగాకుండవలెనన్నదే ఆ శ్రద్ధలోని మర్మము.

గింజలను నూరి ముద్దచేసి తినుటయు తెలుగు వంటింటికి పాతవిద్యయే. నువ్వులను బెల్లముతో దంచి చేయు చిమ్మిలి నాగులచవితి నాడు పుట్టకడకు పోవును. తెలంగాణములో సద్దుల బతుకమ్మనాటి నువ్వుల సద్ది, పల్లీల సద్ది చెరువుగట్టుకు పోయి, అచ్చట పదిమంది చేతులలోనికి పంచబడును. పండుగ పేరులోనే సద్ది యున్నది. కావున లింగంపల్లి యువకుని సంచిలోని డబ్బా పరదేశపు వింతగాదు. చిమ్మిలికి అది దూరపు చుట్టము.

ఇట్టి ఆహారము నడకకు ఏల అనుకూలమో కొంచెము లెక్క వేసిన తెలియును. 100 గ్రాముల వేరుశనగపప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులును, 520 నుండి 570 కేలరీల వరకు శక్తియు ఉండును. 150 గ్రాముల పప్పును 75 గ్రాముల బెల్లముతో దంచి ఉండలు చేసినచో వేయి కేలరీలకు పైగా లభించును. అంతటి శక్తిని అన్నము వలన పొందగోరినచో ముప్పాతిక కిలోకు మించిన అన్నము మోయవలెను. అన్నపు బరువులో అధికభాగము నీరే. ఆ నీటి వలననే అన్నము మరునాటికి పులియును. వేరుశనగముద్దలో నీరు అత్యల్పము. కావున సూక్ష్మజీవులు దానిలో సులభముగా పెరుగజాలవు. తేలికదనమును, నిలువయుండు గుణమును ఒక్క కారణము నుండియే పుట్టినవి.

అంతకంటె ముఖ్యమైన గుణము మరియొకటి కలదు. దానిని తినుటకు నిప్పు అక్కరలేదు. చైత్రపౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరమునకు వేలకొలది జనులు అడవిదారిని నడచి, లోయలోనికి దిగి లింగమును దర్శింతురు. అది ఎండలు ముదిరిన కాలము. ఆకురాల్చిన అడవిలో నేల నిండ ఎండుటాకులే. మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసినవాడు ఆర్పితిననుకొని విడిచిన నిప్పురవ్వ గాలికి లేచి కొండవాలునంతటిని దహింపగలదు. అది పులులకు ఆశ్రయమైన అమ్రాబాదు అభయారణ్యము. అచ్చట నిప్పు చేయుట చట్టరీత్యా నేరము. అట్టిచోట సద్దిమూట కేవలము సౌకర్యము కాదు. అది అడవిపట్ల చూపు మర్యాద.

వేరుశనగకు పుట్టినిల్లు దక్షిణ అమెరికా. ఐరోపా నావికుల వెంట సముద్రములు దాటి వచ్చి, అనంతపురపు ఎఱ్ఱనేలలలోను, పాలమూరి చెలకలలోను ఇది వేరూనినది. అమెరికాలో కెల్లాగ్ అను వైద్యుడు తన ఆరోగ్యాశ్రమములోని రోగులకు మాంసమునకు బదులుగా గింజల ముద్దను పెట్టదలచి, 1895లో దాని తయారీకై పేటెంటు కోరెను. 1996లో ఫ్రెంచి వైద్యుడు ఆంద్రె బ్రియాఁ, ఇంజనీరు మిషెల్ లెస్కాన్ అనువారు వేరుశనగముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు, లవణములు చేర్చి, తీవ్రమైన పోషకాహారలోపముతో కృశించు పసిబిడ్డలకు ఔషధప్రాయమైన ఆహారమును రూపొందించిరి. అంతకు పూర్వము అట్టి బిడ్డలకు పాలపొడిని నీట కలిపి ఇచ్చెడివారు. కరవుచోట్ల ఆ నీరే శుభ్రమైనది దొరకక ప్రమాదము కలుగుచుండెను. ఈ ముద్దకు నీరు కలుపనక్కరలేదు, పొయ్యి అక్కరలేదు; తల్లి తన యింటనే పొట్లము విప్పి బిడ్డకు తినిపింపవచ్చును. విహారయాత్రికునికి సుఖమైన గుణమే ఆ బిడ్డకు ప్రాణమైనది.

అయినను ఈ గింజకు ఇద్దరు శత్రువులు కలరు. మొదటిది గాలి. నూనె గాలితో చేరి క్రమముగా చెడి చేదెక్కును. వేడి దానిని త్వరపెట్టును. లింగంపల్లి నుండి బొంబాయి రహదారిని పది పన్నెండు కిలోమీటర్లు పోయినచో పటాన్‌చెరు వచ్చును. అచ్చట 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ, ఇక్రిశాట్, కలదు. ఆ సంస్థయు జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధనాలయమును కలిసి పెంపొందించిన గిర్నార్ 4, గిర్నార్ 5 అను రకములు 2020లో విడుదలయ్యెను. వీని నూనెలో త్వరగా చెడని ఓలియిక్ ఆమ్లము 80 శాతము వరకు ఉండును. స్టేషనులో డబ్బా చేతబట్టిన యువకునికి ఆ డబ్బా ఎక్కువ దినములు చెడకుండు ఉపాయము తన పొరుగుననే సాగుచున్నదని బహుశః తెలియదు.

రెండవ శత్రువు బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీకోళ్లు హఠాత్తుగా చచ్చినవి. కారణము వెదకగా, వానికి మేపిన వేరుశనగపిండిలో ఒక బూజు పుట్టించిన విషము బయటపడెను. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. అది కాలేయమును చెఱచును. వేయించినను పూర్తిగా పోదు. పాతకాలపు గృహిణులు పప్పును చేటలో పోసి, ముడుతపడినవానిని, రంగుమారినవానిని, బూజు పట్టినవానిని ఏరి పారవేయుట వట్టి చాదస్తము కాదు. శాస్త్రము పేరుపెట్టక మునుపే వారి వ్రేళ్లు ఆ పని చేయుచుండెను.

విద్యార్థులను కొండలకు గొనిపోవు ఉపాధ్యాయులు మరికొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. వేరుశనగ కొందరి దేహమునకు సరిపడదు. అట్టివారికి చిటికెడు పొడియైనను ఊపిరాడనీయని ప్రమాదము తేవచ్చును. ప్రయాణమునకు ముందే ప్రతి విద్యార్థి తలిదండ్రులను విచారించుట విధి. క్రొవ్వు గల ఆహారము మెల్లగా జీర్ణమగును. కావున ఒక్కసారిగా కడుపునిండ తినక, నడుమ నడుమ కొంచెము కొంచెముగా తినుట మేలు. ఎంత తిన్నను దాహము తీరదు. చెమటతో పోయిన ఉప్పు తిరిగిరాదు. నీరును, ఉప్పు వేసిన మజ్జిగయు వేరుగా ఉండవలసినదే. తడిచేయి తగిలిన ముద్ద చెడును. వానకాలమున బెల్లము చెమర్చును. కావున మూత బిగువుగానుండు స్టీలుడబ్బా శ్రేష్ఠము. తిని పారవేసిన ప్లాస్టిక్ పొట్లము కొండమీద ఏండ్లతరబడి పడియుండును. డబ్బా యింటికి తిరిగివచ్చును.

పాఠశాలలలో మరియొక చిక్కు కలదు. యాత్రకు పోవునప్పుడు ఒకని సంచిలో మెరయు పరదేశపు డబ్బా, వేరొకని సంచిలో తల్లి దంచి యిచ్చిన పల్లీల ఉండలు ఉండును. రెండవవాడు తన మూట విప్పుటకు సిగ్గుపడును. అన్నము విషయమున కలిగిన సిగ్గు పసిమనసులో చిరకాలము నిలుచును. ఆ క్షణమున ఉపాధ్యాయుడు రెండిటిని ఒకచోట పెట్టి, రెండింటిలోని గింజ యొక్కటేయని చూపినచో, పోషకశాస్త్రమును, చరిత్రయు, మర్యాదయు ఒక్కసారిగా బోధించినవాడగును. డబ్బా కొనుట తప్పుకాదు. తన యింటి రోటికి తెలిసిన విద్యను తక్కువగా ఎంచుటయే తప్పు.

ఆదివారము సాయంకాలము ఆ యువకులు మరల లింగంపల్లిలో దిగుదురు. సంచులు తేలికపడియుండును, డబ్బాలు అడుగంటియుండును. ఆ డబ్బాలోని ప్రతి గింజ వెనుకను వాననమ్ముకొని విత్తిన అనంతపురపు రైతో, యాసంగిలో బావినీరు పెట్టిన పాలమూరి రైతో ఉన్నాడు. మట్టిలో దాగి పండిన ఆ గింజ మరియొకని నడకకు బలమై కొండయెక్కినది. అడుగున మిగిలిన ముద్దను వ్రేలితో తీసికొని తినునప్పుడు ఆ రైతు ఒక్కసారి తలపునకు వచ్చినచో, రెండు దినముల నడక వ్యర్థము కానట్లే.