వంటలక్క వెళ్లిపోయిన రాత్రి

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల ప్రక్కన మేము ఎరిగిన ఒక కుటుంబమున్నది. 2023 జనవరిలో ఒక రాత్రి ఆ ఇంటి పెద్దమ్మాయి అన్నం ముట్టలేదు. జ్వరమేమోనని తల్లి నుదురు తాకి చూచింది. జ్వరం కాదు. 2017 అక్టోబరులో స్టార్ మా ఛానెల్లో మొదలైన ‘కార్తీకదీపం’ ఆ రోజుతో ముగిసింది. వంటలక్క ఇక రాదు!

“తెరమీది మనిషి కోసం ఏడుపేమిటే?” అని నాయనమ్మ నవ్వింది. మేము నవ్వలేకపోయాము. తండ్రి లారీ మీద ఊళ్లు తిరిగేవాడు. తల్లి మిరపకోతలకు వెళ్లి చీకటిపడ్డాక వచ్చేది. చెప్పిన వేళకు తప్పక వచ్చేది వంటలక్క ఒక్కతే.

ఇట్టి బంధాన్ని గూర్చి డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే అమెరికా పండితులు 1956లోనే వ్రాశారు. తెరమీది మనిషిని మనమెరుగుదుము. ఆ మనిషి మనలను ఎరుగదు. అయినా మనస్సు దానిని స్నేహమనే ఎంచుతుంది.

మరి అందరూ ఒకేలా అల్లుకుపోరెందుకు? ఏడ్చినప్పుడు పెద్దలు తప్పక వస్తారని ఎరిగిన బిడ్డ నిబ్బరంగా పెరుగుతుందనీ, ఒకసారి వచ్చి ఒకసారి రాకుంటే దిగులుతో అంటిపెట్టుకుంటుందనీ, త్రోసివేస్తూ ఉంటే ఎవరినీ దగ్గరకు రానివ్వదనీ జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్‌ల పరిశోధనలు తెలిపాయి. 1999లో టిమ్ కోల్, లారా లీట్స్ విద్యార్థులను పరిశీలించగా, దిగులుతో అంటిపెట్టుకొనేవారే టీవీ పాత్రలతో ఎక్కువ బంధం పెంచుకొన్నారు. దూరంగా మసలేవారు అందరికన్నా తక్కువ. ప్రియమైన పాత్ర కనుమరుగైతే ఎక్కువ బాధపడతామని చెప్పినవారూ ఈ దిగులు గలవారేనని 2004లో ఇశ్రాయేలులో జొనాథన్ కోహెన్ కనుగొన్నారు.

తల్లులారా, ఇది మీ మీద నేరం మోపుట కాదు. కూలికి పోనిదే ఇల్లు గడవదు. బాల్యపు ముద్ర చెరగనిదీ కాదు; తరువాత దొరికిన నమ్మకమైన తోడు దానిని మార్చగలదు. సీరియలు చూచుట జబ్బు కాదు. కాని దానివల్ల నిద్ర, చదువు, మనుషులు దూరమైతే జాగ్రత్తపడాలి. టీవీ కట్టివేసే ముందు, “వంటలక్కలో నీకేమి నచ్చింది?” అని అడగండి.

ఆ తల్లి అడిగింది. “ఎన్ని కష్టాలొచ్చినా కూతురి చెయ్యి వదల్లేదమ్మా” అన్నది అమ్మాయి. తల్లి మారుమాట్లాడలేదు. నాటి నుండి రాత్రి భోజనం ఇద్దరూ కలిసే చేస్తున్నారు.

2024లో అదే జంటతో క్రొత్త కథ మొదలైంది. అమ్మాయి చూస్తూనే ఉంది. ప్రక్కన కూర్చొని తల్లి చెప్పే కబుర్లలో సగం కథ వినబడదట!