గుల్ల సున్నంతో బయోడీజిల్

కాల్షియం కార్బొనేట్‌ను వేడిచేస్తే కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయని పదో తరగతిలో అందరం బట్టీ పట్టినవాళ్ళమే. మన గూడూరుకు దక్షిణాన పులికాట్ చుట్టుపక్కల గుల్లలు కాల్చి సున్నం చేసినవారి పని కూడా ఇదే. ఆ సున్నమే బయోడీజిల్ తయారీలో ఉత్ప్రేరకంగా పనికొస్తుంది.

ఆల్చిప్పల్లో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటే. తిని పారేసిన చిప్పలను కడిగి, ఎండబెట్టి, పొడిచేసి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు కాల్చాలి. 100 గ్రాముల కార్బొనేట్‌కు 56 గ్రాముల ఆక్సైడ్ మిగులుతుంది. గాలి తగిలితే తేమను పీల్చుకొని చెడిపోతుంది కనుక వెంటనే గట్టిగా మూతపెట్టాలి.

బజ్జీలు వేయగా మిగిలిన నూనెను వడగట్టి, నీరు లేకుండా కాచి చల్లార్చాలి. అందులో మిథనాల్, ఈ పొడి కలిపి సుమారు 60 డిగ్రీల వద్ద తిప్పుతుంటే నూనె బయోడీజిల్‌గా మారుతుంది. కదపకుండా ఉంచితే అది పైకి తేలుతుంది, గ్లిజరిన్ కిందికి దిగుతుంది. మామూలుగా వాడే సోడియం హైడ్రాక్సైడ్ ద్రవంలో కరిగిపోతుంది. దాన్ని తొలగించడానికి నీళ్ళతో కడగాలి. గుల్ల పొడి చాలావరకు కరగదు, వడగట్టి కొన్నిసార్లు మళ్ళీ వాడుకోవచ్చు.

ఒక హెచ్చరిక! మిథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది. ల్యాబ్‌లో మాస్టారు దగ్గరుంటేనే ఈ ప్రయోగం చేయాలి. చిప్పల కోసం పులికాట్ పక్షుల కేంద్రంలో తవ్వకూడదు, వంటింటి చెత్తలోవి చాలు.

మార్కుల కోసం బట్టీ పట్టిన పాఠం సున్నపు బట్టీలోనే ఉంది. మనం చూడడమే ఆలస్యం.