ఊపిరితిత్తుల కాన్సరు – కొలెస్టరాలు

షోలాపురమునకు సమీపమునగల కుంభారిలో తెలుగు నేతపనివారును, బీడీలు చుట్టు స్త్రీలును నివసించుచున్నారు. 2024 జనవరిలో అచ్చటి రేనగరునందు 15,000 ఇండ్లు కార్మికులకు అప్పగింపబడినవి. బీడీపొగ ఊపిరితిత్తుల కాన్సరునకు హేతువని అందరు నెరిగినదే. ఆ పొగ జీవకణములో నేమి చేయునో తెలిసికొనుట యవసరము.

కణమును చుట్టియుండు పొరకు కొలెస్టరాలు ముఖ్యమైన దినుసు. కణము దానిని కొంత తానే తయారుచేసికొనును. కొంత రక్తమునుండి గ్రహించును. చాలినంత చేరగానే తయారీ తగ్గును. రక్తమునుండి గ్రహించు విధానమును వెల్లడించిన బ్రౌను, గోల్డ్‌స్టీనులకు 1985లో నోబెలు బహుమానము లభించినది.

పొగలోని విషములు కె-రాస్, పి-53 మొదలగు జన్యువులను చెరుపును. కె-రాస్ చెడినచో కణమునకు ‘పెరుగుము’ అను ఆజ్ఞ ఆగదు. ఆ జన్యువు పుట్టించు మాంసకృత్తును పొరకు తగిలించు ఫార్నెసిల్ అను కొక్కెము, కొలెస్టరాలు తయారగు మార్గముననే లభించును. పి-53 సక్రమముగా నున్నప్పుడు ఆ మార్గమును అదుపులో నుంచును. చెడినచో పగ్గములు వదలును. ఇట్లు కాన్సరు కణము తన విభజనకు వలయు సరకును తానే సమకూర్చుకొనును.

అట్లయిన కొలెస్టరాలును తగ్గించు స్టాటిను మాత్రలతో వ్యాధి కుదురునా? చిన్నకణ కాన్సరు గల 846 మంది రోగులపై బ్రిటనులో జరిపి, 2017లో ప్రకటించిన పరీక్షలో, చికిత్సకు ప్రవాస్టాటినును చేర్చినను ఆయుర్దాయము పెరుగలేదు. కావున నెయ్యి మానుటగాని, ఆ మాత్రలు మ్రింగుటగాని కాన్సరునకు చికిత్స కాజాలదు. హృద్రోగమునకై వైద్యుడిచ్చిన మాత్రలను మాత్రము విడువరాదు. పొగ మానుట, మూడు వారములు దాటిన దగ్గునకు వైద్యుని చూచుట – ఇవియే మన చేతనున్న రక్ష.