ఇంటర్‌ప్రెటర్ అడుగుపొరలో తెలుగు అక్షరం: పైథాన్ సి ఇంటర్‌ఫేస్‌కు యూనిట్ టెస్టులు

వ్యాససంగ్రహం

తెలుగు పాఠాలను గణించి నిర్ధారణలు చేసే పరిశోధకులు నేడు పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాషలను ఆశ్రయిస్తున్నారు. పైథాన్‌ను నడిపించే ఇంటర్‌ప్రెటర్ అడుగున సి భాషలో రాసిన ఒక పొర ఉంది. అక్కడ జరిగే దోషం ఒక్కోసారి ప్రోగ్రామును కూల్చుతుంది. మరొకసారి చప్పుడు లేకుండా తప్పు సంఖ్యను అందిస్తుంది. ఆ పొరను యూనిట్ టెస్టులతో ఎలా పరీక్షించాలో, ఆ పరీక్షలకు తెలుగు ఉదాహరణల ఎంపిక ఎందుకు కీలకమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పైథాన్, ఇంటర్‌ప్రెటర్, సి ఇంటర్‌ఫేస్, యూనిట్ టెస్ట్, యూనికోడ్, తెలుగు అక్షరం.

1. ఉపోద్ఘాతం

విజయవాడలోని ‘పటమట’ పేరులో నాలుగు అక్షరాలున్నాయి. ఆ నగరాన్ని ఒరుసుకొని పారే ‘కృష్ణా’ పేరులో రెండే అక్షరాలు. చదువు వచ్చిన ఎవరైనా చెప్పగల ఈ లెక్క కంప్యూటర్‌కు అంత సులభం కాదు. యూనికోడ్ ప్రకారం ‘పటమట’ నాలుగు సంకేతాలు. ‘కృష్ణా’ ఆరు సంకేతాలు: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం. వీటిని యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిస్తే ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. కాబట్టి ‘పటమట’ 12 బైట్లు, ‘కృష్ణా’ 18 బైట్లు.

ఒకే పేరుకు అక్షరాలు, సంకేతాలు, బైట్లు అనే మూడు కొలతలు ఏర్పడ్డాయి. ఛందోగణన, శైలీపరిశీలన, నిఘంటు నిర్మాణం వంటి పనులలో ఒక కొలతకు బదులు మరొకటి చేరితే దానిపై నిలిచిన నిర్ధారణ అంతా తప్పుతుంది. పరిశోధకుడు రాసిన పైథాన్ వాక్యాలలో దోషం లేకున్నా, వాటి అడుగున ఉన్న సి ప్రమేయంలో దోషం ఉంటే ఫలితం అదే.

2. దుబాసీ, అతని అడుగుపొర

ఇంటర్‌ప్రెటర్‌ను దుబాసీతో పోల్చవచ్చు. మనం రాసిన పైథాన్ వాక్యాన్ని గ్రహించి, యంత్రం చేయవలసిన పనిగా మార్చి నడిపిస్తుంది. విస్తృతంగా వాడుకలో ఉన్న పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను సి భాషలో రాశారు. అందుకే దానికి సీపైథాన్ అని పేరు. వేగం అవసరమైన చోట మనమే సి భాషలో ఒక ప్రమేయం రాసి దానికి జతచేయవచ్చు. ఈ జతకు వీలు కల్పించే నియమాల, ప్రమేయాల సమూహమే సి ఇంటర్‌ఫేస్.

పైపొరలో తప్పు చేస్తే పైథాన్ ఆపి, ఏ వాక్యంలో ఏ దోషం జరిగిందో చెబుతుంది. అడుగుపొరలో ఆ రక్షణ లేదు. తనది కాని మెమరీని సి ప్రమేయం తాకితే ఇంటర్‌ప్రెటరే కుప్పకూలవచ్చు, లేదా ఏమీ జరగనట్లే సాగి, చాలాసేపటికి సంబంధం లేని మరోచోట కూలవచ్చు. అందువల్ల ఈ పొరకు ప్రత్యేకమైన పరీక్షలు అవసరమవుతాయి.

3. ఉదాహరణ, ప్రత్యుదాహరణ

యూనిట్ టెస్ట్ అంటే ప్రోగ్రాములోని ఒక చిన్న భాగాన్ని విడిగా తీసుకొని, ఇచ్చిన విలువకు రావలసిన ఫలితమే వస్తున్నదా అని చూడడం. వ్యాకరణ అధ్యయనంలో ఉన్నవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. వ్యాఖ్యాతలు సూత్రం వర్తించే చోటును ఉదాహరణతోను, వర్తించని చోటును ప్రత్యుదాహరణతోను చూపుతారు. ప్రత్యుదాహరణ లేకుంటే సూత్రం హద్దు తెలియదు. అలాగే సరైన ఇన్‌పుట్‌తో మాత్రమే పరీక్షించిన ప్రమేయం హద్దు కూడా తెలియదు.

చర్చ కోసం ఒక చిన్న ప్రమేయాన్ని ఊహించుకొందాం. అది సి భాషలో ఉంది. తెలుగు స్ట్రింగును తీసుకొని అందులోని అక్షరాల సంఖ్యను తిరిగి ఇవ్వడం దాని పని. దాన్ని నాలుగు వైపుల నుంచి పరీక్షించాలి.

4. పరీక్షించవలసిన అంశాలు

4.1 కొలత: ప్రమేయం పొరపాటున సంకేతాల సంఖ్యను ఇస్తున్నదనుకొందాం. ‘పటమట’తో పరీక్షిస్తే నాలుగు వస్తుంది, పరీక్ష నెగ్గుతుంది. గుణింతం గాని, వత్తు గాని లేని పేరు కావడమే ఇందుకు కారణం. ‘విజయవాడ’ ఇస్తే ఐదుకు బదులు ఏడు, ‘కృష్ణా’ ఇస్తే రెండుకు బదులు ఆరు వచ్చి దోషం బయటపడుతుంది. బైట్ల సంఖ్యను ఇచ్చే తప్పును మాత్రం ‘పటమట’ కూడా పట్టిస్తుంది. కేవలం ఇంగ్లీషు మాటలతో పరీక్షిస్తే అక్షరం, సంకేతం, బైటు మూడూ సమానమే కనుక ఈ తప్పులలో ఏదీ కనబడదు.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. పాఠాన్ని అక్షరాలుగా విడదీసే యూనికోడ్ నియమాలు 2023లో వెలువడిన 15.1 సంస్కరణలో మారాయి. అంతకుముందు నియమాల ప్రకారం ‘కృష్ణా’ కృ, ష్, ణా అని మూడు ముక్కలు. కొత్త నియమం తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని విడగొట్టదు. కనుక ఇప్పుడు రెండే. యూనికోడ్ నియమాలను అమలుచేసే లైబ్రరీని వాడితే, దాని సంస్కరణ మారినప్పుడు మన గణాంకాలు కూడా మారగలవు. ‘కృష్ణా అంటే రెండు’ అని రాసిపెట్టిన పరీక్ష ఆ మార్పును వెంటనే తెలియజేస్తుంది.

4.2 నిల్వ: 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి స్ట్రింగులోని సంకేతాలను బట్టి ఒక్కో సంకేతానికి ఒకటి, రెండు లేదా నాలుగు బైట్లు కేటాయిస్తున్నారు. ఇది మెమరీలోని లోపలి నిల్వకు సంబంధించినది. పైన చెప్పిన యూటీఎఫ్-8 దీనికి వేరు. ఇంగ్లీషు మాటకు ఒకటి, తెలుగు మాటకు రెండు బైట్లు చాలు. తెలుగు వాక్యం చివర ఒక్క నమస్కారపు ఎమోజీ చేర్చితే మొత్తం వాక్యం నాలుగు బైట్ల నిల్వకు మారుతుంది. ‘తెలుగుకు రెండు బైట్లే’ అని నమ్మి రాసిన సి ప్రమేయం పుస్తకాల పాఠంపై చక్కగా పనిచేసి, నేటి సామాజిక మాధ్యమాల పాఠంపై తప్పుతుంది. కాబట్టి మూడు నిల్వలకు మూడు పరీక్షలు ఉండాలి.

4.3 ఎరువు సూచికలు: సీపైథాన్ ప్రతి వస్తువుకు ఎన్ని సూచికలున్నాయో లెక్క పెట్టుకొంటుంది. లెక్క సున్నా అయితే ఆ వస్తువును తొలగిస్తుంది. సి ప్రమేయానికి చేరే సూచికలు రెండు విధాలు: సొంతమైనవి, ఎరువు తెచ్చుకొన్నవి. సొంత సూచికను పని ముగిశాక వదిలిపెట్టాలి. ఎరువు సూచికను వదిలే హక్కు మనకు లేదు. జాబితాలోని అంశాన్ని అందించే ప్రమేయాలలోనే ఈ తేడా కనబడుతుంది: పైలిస్ట్ గెట్ఐటమ్ ఎరువు సూచికను ఇస్తే, పైసీక్వెన్స్ గెట్ఐటమ్ సొంత సూచికను ఇస్తుంది. స్ట్రింగు నుంచి తీసుకొన్న యూటీఎఫ్-8 పాయింటర్ కూడా ఎరువు వంటిదే. ఆ స్ట్రింగు ఉన్నంతవరకే అది చెల్లుతుంది.

‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఎరువును సొంతమనుకొని వదిలితే, ఇతరులు వాడుతున్న వస్తువు మాయమవుతుంది. సొంతాన్ని ఎరువనుకొని వదలకుంటే మెమరీ పేరుకుపోతుంది. ప్రమేయాన్ని వేలసార్లు పిలిచి, ముందూ వెనుకా సూచికల లెక్క సమానంగా ఉందో లేదో చూడడమే దీనికి పరీక్ష. అయితే 3.12 సంస్కరణ నుంచి ‘నన్’, చిన్న పూర్ణాంకాలు వంటివి చిరంజీవులు. వాటి లెక్క మారదు. పరీక్షకు అప్పటికప్పుడు నిర్మించిన స్ట్రింగును వాడాలి.

4.4 దోష నివేదన: సి ప్రమేయం విఫలమైతే శూన్య పాయింటర్‌ను తిరిగి ఇవ్వాలి, దోషాన్ని కూడా నమోదు చేయాలి. రెండింటిలో ఒకటే జరిగితే ఇంటర్‌ప్రెటర్ దాన్ని సిస్టమ్ఎర్రర్‌గా ప్రకటిస్తుంది. దీనికి తెగిన పాఠం మంచి ప్రత్యుదాహరణ. ‘పటమట’ 12 బైట్లలో చివరిది పోతే, ఆఖరి ‘ట’కు చెందిన రెండు బైట్లు అర్థం లేకుండా మిగులుతాయి. సరోగేట్ఎస్కేప్ అనే వెసులుబాటుతో ఫైలును చదివితే అవి రెండు విడి సరోగేట్ సంకేతాలుగా స్ట్రింగులో చేరతాయి. పైథాన్ స్థాయిలో ఆ స్ట్రింగు మామూలుగానే ఉంటుంది. సి ప్రమేయం దాని యూటీఎఫ్-8 రూపాన్ని అడిగినప్పుడు మాత్రం శూన్య పాయింటర్ వస్తుంది. దాన్ని తనిఖీ చేయని ప్రమేయం అక్కడే కూలుతుంది.

5. పరీక్షను నడిపే విధానం

పరీక్షిస్తున్న ప్రమేయం కూలితే పరీక్షించే ప్రోగ్రామూ దానితోనే పోతుంది. మిగిలిన పరీక్షల ఫలితాలూ అందవు. అందుకే ప్రమాదకరమైన పరీక్షను వేరే ప్రాసెస్‌లో నడిపి, అది ఎలా ముగిసిందో బయటినుంచి చూస్తారు. సీపైథాన్ సొంత పరీక్షలు కూడా అవసరమైన చోట ఈ మార్గాన్నే అనుసరిస్తాయి. 3.3లో చేరిన ఫాల్ట్‌హ్యాండ్లర్, కూలిన క్షణంలో ఏ పైథాన్ వాక్యం నడుస్తున్నదో చూపుతుంది.

సీపైథాన్‌లో కేవలం పరీక్షల కోసమే టెస్ట్ సీ ఏపీఐ అనే మాడ్యూల్ ఉంది. సి ఇంటర్‌ఫేస్ ప్రమేయాలను పైథాన్ నుంచి నేరుగా పిలిచే వీలును అది కల్పిస్తుంది. మెమరీ అయిపోయిన పరిస్థితిని కృత్రిమంగా సృష్టించే సాధనమూ అందులో ఉంది. పరీక్షల కోసం నిర్మించిన డీబగ్ రూపంలో మొత్తం సూచికల లెక్క తెలుస్తుంది. ఒకే పరీక్షను పదేపదే నడిపి ఆ లెక్క పెరుగుతున్నదేమో కనిపెట్టవచ్చు.

6. 2018 ఫిబ్రవరి నేర్పిన పాఠం

అడుగుపొర దోషం తెలుగువారికి ఊహామాత్రం కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరక్రమం ఐఫోన్లలోని అప్లికేషన్లను కూల్చివేసింది. జ, పొల్లు, ఞ, వాటి తరువాత కంటికి కనిపించని విభాజక సంకేతం, చివర దీర్ఘం అన్నదే ఆ క్రమం. సందేశంలో అది వస్తే దాన్ని తెరపై చూపబోయిన అప్లికేషన్ మూతపడేది. ఆపిల్ సంస్థ దీన్ని మెమరీ పాడయ్యే దోషంగా పేర్కొని, ఫిబ్రవరి 19న విడుదలచేసిన ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది.

అది పైథాన్‌కు సంబంధించిన దోషం కాదు, పాఠాన్ని తెరపై కూర్చే అడుగుపొరలోనిది. అయినా అది చెప్పే విషయం మన చర్చకు చెందినదే. ఆ క్రమంలోని సంకేతాలన్నీ యూనికోడ్‌లో చెల్లుబాటయ్యేవే. అవి ఆ వరుసలో కలిసిన సందర్భం పరీక్షలకు చిక్కలేదు. అప్పట్లో పలువురు దాన్ని ‘ప్రమాదకరమైన తెలుగు అక్షరం’ అన్నారు. ప్రమాదం అక్షరంలో లేదు, పరీక్ష చేరని పొరలో ఉంది.

7. ముగింపు

తెలుగు పాఠంపై పనిచేసే ఏ సి ప్రమేయానికైనా కనీస పరీక్షలుగా వీటిని సూచించవచ్చు: ఖాళీ స్ట్రింగు, ఒక ఇంగ్లీషు మాట, ‘పటమట’, ‘విజయవాడ’, ‘కృష్ణా’, ఎమోజీతో కూడిన తెలుగు వాక్యం, కనిపించని విభాజకం ఉన్న మాట, చివరి బైటు తెగిన మాట. ప్రతిదానికీ రావలసిన ఫలితాన్ని ముందే రాసుకోవాలి.

పాయింటర్లను, సూచికలను సరిచూడడం ప్రోగ్రామరు పని. అక్షరం అంటే ఏమిటో, ఏ రూపాలు వాడుకలో ఉన్నాయో, ఏ ప్రత్యుదాహరణ సూత్రాన్ని నిలదీస్తుందో చెప్పవలసినవారు భాషాధ్యయనపరులు. గణాంకాలపై ఆధారపడే పరిశోధనపత్రంలో గణన జరిపిన ప్రోగ్రాముతో పాటు, దాన్ని పరీక్షించిన మాటల జాబితాను కూడా అనుబంధంగా ఇవ్వడం మంచి సంప్రదాయం కాగలదు. అప్పుడు చదివేవారు సంఖ్యను నమ్మే ముందు దాన్ని సరిచూసుకోగలుగుతారు.