చేలో పండే పొగ పైపులు

మొక్కజొన్న కంకులు ఒలిచి గింజలు బస్తాలకెత్తాక మిగిలే బెండ్లను మీరేం చేస్తున్నారు? కొన్ని పొయ్యిలోకి పోతాయి. మిగతావి కళ్లం పక్కన కుప్పపడి వానకు నాని చివికిపోతాయి. ఎండిన కంకులు నూరు కిలోలు ఒలిస్తే అందులో ఇంచుమించు అయిదో వంతు ఈ బెండే. గింజ రేటు కోసం మార్కెట్ యార్డులో పడిగాపులు పడే మనం బెండును లెక్కలోకే తీసుకోం. అమెరికాలో ఒక చిన్న ఊరు మాత్రం నూట యాభై ఏళ్లకు పైగా ఈ బెండుతోనే పేరు తెచ్చుకుంది. అక్కడ దాంతో పొగ తాగే పైపులు చేస్తారు.

పైపు అనగానే బోరులో దించేది అనుకునేరు! వెనకటి సినిమాల్లో జమీందారు పాత్ర నోట్లో పెట్టుకుని కనిపించేది ఇది. ఒక కొసన పొగాకు కూరే చిన్న గిన్నె, దానికి ఒక కాడ, అంతే. మనకు చుట్ట ఎలాగో, చిలుం ఎలాగో వాళ్లకు పైపు అలాగ. తేడా ఒక్కటే. చుట్ట కాల్చాక మిగిలేది బూడిద. పైపు మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది, తండ్రిది కొడుక్కి వస్తుంది. అందుకే మంచి పనివాడి చేత చెక్కించుకోవడం, పాతవి వెతికి కొనడం, అద్దాల బీరువాలో వరసగా పేర్చి చూసుకోవడం అక్కడ చాలామందికి సరదా.

ఖరీదైన పైపులు చేసే సరుకు వేరు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల కొండల మీద పెరిగే ఒక పొద ఉంది, దాని పేరు బ్రయర్. దాని వేరు దగ్గర బుడిపెలా ఊరే గట్టి చెక్కను తవ్వి తీసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి చెక్కుతారు. ఫ్రాన్సులో సెయింట్ క్లాడ్ అనే కొండ ఊరు ఈ పనికి పెట్టింది పేరు. తుర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర భూమిలోంచి మీర్‌షామ్ అనే తెల్లటి మెత్తని రాయి తీస్తారు. దాన్ని తడి మీద చెక్కుతారు, వాడేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. చేత్తో చెక్కిన మంచి బ్రయర్ పైపు వందల డాలర్లు పలుకుతుంది. ఇవన్నీ డబ్బున్న వాళ్ల ముచ్చట్లు. పొలంలో పండే పైపులు రెండున్నాయి. మనం చెప్పుకోవలసింది వాటి గురించే.

రైతు అడిగిన పైపు

మిస్సోరీ రాష్ట్రంలో మిస్సోరీ నది ఒడ్డున వాషింగ్టన్ అనే ఊరుంది. అమెరికా రాజధాని వాషింగ్టన్ వేరు, ఇది వేరు. హాలెండు నుంచి వలస వచ్చిన హెన్రీ టిబ్బీ అనే వడ్రంగి అక్కడ తరిమెన పట్టే పని చేసుకుంటూ బతికేవాడు. 1869 ప్రాంతంలో దగ్గరి పల్లె రైతు ఒకాయన మొక్కజొన్న బెండును చాకుతో తొలిచి పైపు చేసుకున్నాడట. అది బాగా కుదిరింది. "ఇలాంటివి నీ తరిమెన మీద నున్నగా చేసి పెట్టు" అని టిబ్బీ దగ్గరికి తెచ్చాడట. టిబ్బీ ఆయనకు చేసిచ్చి, మరికొన్ని చేసి కొట్లో పెడితే వెంటనే అమ్ముడుపోయాయి. కొన్నాళ్లకు బల్లలూ కుర్చీలూ మానేసి బెండు పైపుల్లోనే పడిపోయాడు.

బెండు పైన గుంటలుంటాయి కదా, గింజలు ఊడిన చోట్లు. అవే పైపుకు పెద్ద లోపం. టిబ్బీ వాటిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూరి, ఆరాక నున్నగా రుద్దే పద్ధతి కనిపెట్టి 1878లో పేటెంటు తీసుకున్నాడు. ఖరీదైన మీర్‌షామ్‌తో పోల్చి తన పైపుకు 'మిస్సోరీ మీర్‌షామ్' అని పేరు పెట్టాడు. 1907లో కంపెనీ పేరు కూడా అదే అయింది. ఆ కంపెనీ నేటికీ అదే ఊళ్లో పైపులు చేస్తూనే ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఇలాంటి కంపెనీలు పదీ పన్నెండు దాకా ఉండేవట.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆలోచన రైతుది, బెండు రైతుది. పేటెంటు వడ్రంగిది. టిబ్బీని తప్పు పట్టడానికి లేదు. గుంటలు పూడ్చే ఉపాయం అతనిదే, అమ్మకం తిప్పలూ అతనివే. కానీ పంట పండించినవాడి చేతిలోంచి సరుకు దాటిన తర్వాతే దానికి విలువ పుట్టడం మనకు కొత్త సంగతా? మిరపకూ పసుపుకూ జరిగేది ఇదే గదా.

లావు బెండుకు వేరే విత్తనం

మన హైబ్రిడ్ మొక్కజొన్నలో బెండు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. గింజ బరువు పెరగాలనే కదా శాస్త్రవేత్తల ప్రయత్నమంతా. పైపుకు కావలసింది దానికి పూర్తిగా తిరగబడ్డ రకం. బెండు లావుగా, గట్టిగా ఉండాలి. మధ్యన తొలిచినా చుట్టూ గోడ మందంగా మిగలాలి. అందుకోసం మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రత్యేకంగా లావు బెండు హైబ్రిడ్ తయారు చేశారు. పైపుల కోసమే పొలాలు వేసి ఆ రకం పండిస్తారు. గింజ వృథా కాదు, అదీ అమ్ముకుంటారు. మనకు బెండు మిగులు సరుకు, వాళ్లకు గింజ మిగులు సరుకు. చూశారా తమాషా!

కోతలోనూ చిక్కుంది. ఇప్పటి పెద్ద కోత యంత్రాలు బెండును ముక్కలు చేసేస్తాయి. అందుకని కంకిని కంకిగా తెంపే పాతకాలం యంత్రాలనే బాగుచేయించుకుంటూ వాడుకుంటున్నారు. ఒలిచిన బెండ్లను వెంటనే ముట్టుకోరు. రెండేళ్ల దాకా నిలవబెట్టి ఎండనిస్తారు. పచ్చి మీద కోస్తే తర్వాత ముడుచుకుపోతుంది, పగుళ్లిస్తుంది. ఆ తర్వాత లావును బట్టి ఏరి, ముక్కలు కోసి, నడుమ తొలిచి, తరిమెన పట్టి, ప్లాస్టర్ పూసి, రుద్ది, పక్కన చిల్లి పెట్టి చెక్క కాడ బిగిస్తారు. యంత్రాలున్నా ప్రతి పైపూ చాలా చేతులు మారవలసిందే.

పోగుచేసేవాళ్ల పిచ్చి

బెండు పైపు కొద్ది డాలర్లకే వస్తుంది. అయినా వందల డాలర్ల పైపులున్నవాడు కూడా దీన్ని ఒకటి దగ్గర పెట్టుకుంటాడు. కారణం బెండు గుణమే. అది తేలిక, గుల్లగా ఉంటుంది. పొగలోని చెమ్మను పీల్చుకుంటుంది. అందుకని నోటికి వేడి తగలదు, గొంతులోకి నీరు రాదు. బ్రయర్ పైపును కొన్నాళ్లు మెల్లగా కాల్చి లోపల మసి పొర కట్టేదాకా అలవాటు చేయాలి. బెండుకు ఆ బాధ లేదు. అయితే ఎక్కువ కాలం రాదు, ఎప్పుడో ఒకప్పుడు అడుగు మాడిపోతుంది.

పైపు పెట్టేవాడికి తొందర పనికిరాదు. పొగాకును అడుగున వదులుగా, పైన కాస్త గట్టిగా కూరాలి. ఒకసారి ముట్టించి పైన ఉబికిన దాన్ని అదిమి, మళ్లీ ముట్టించాలి. గబగబా లాగితే గిన్నె వేడెక్కుతుంది. కాల్చిన పైపును ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. దూది చుట్టిన సన్న తీగతో కాడను తుడవాలి. వేడి మీద కాడ ఊడదీస్తే పగులుతుంది. పోగుచేసేవాళ్లు ఒక్క పైపుతో ఆగకపోవడానికి ఈ ఆరబెట్టడం ఒక మంచి సాకు.

ఈ బెండు పైపును లోకమంతటికీ చూపించింది అమెరికా సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్. 1945 ఆగస్టు 30న జపాన్‌లోని అత్సుగి విమానాశ్రయంలో విమానం దిగుతున్నప్పుడు ఆయన నోట్లో ఉన్నది పెద్ద బెండు పైపే. ఆ ఫొటో చరిత్రలో నిలిచింది. ఆయన పేరు మీద పొడుగు పైపులు ఈనాటికీ అమ్ముతున్నారు.

పాదు మీదే వంపు

రెండో పైపు మన పెరటి పాదుది. మీరు సొరకాయ అంటారో, ఆనపకాయ అంటారో, జాతి అదే. దక్షిణాఫ్రికాలో దీని మెడతో పైపు చేసేవారు. దాన్ని కేలబాష్ అంటారు. పైపుకు కావలసిన వంపు కత్తితో వచ్చేది కాదు, పాదు మీదే తేవాలి. పిందె లేతగా ఉన్నప్పుడే మెడ ఎటు వంగాలో చూసి కాయను తిప్పి పెడతారు. నేలకు తగిలి కుళ్లకుండా, మచ్చ పడకుండా కింద చెక్కముక్క పెడతారు. ముదిరి తొక్క గట్టిపడ్డాక కోసి, వంపున్న మెడను వేరు చేసి, ఎండబెట్టి, లోపలి గుజ్జు గీకేస్తారు. పైన మీర్‌షామ్ గిన్నె కూర్చోబెడతారు. గిన్నెకూ బుర్రకూ మధ్య ఖాళీ ఉంటుంది. అందులో పొగ చల్లారి నోటికి వస్తుంది.

1899-1902 బోయర్ యుద్ధం తర్వాత లండన్‌లో ఈ పైపులకు గిరాకీ పెరిగింది. 1909లో అమెరికా వ్యవసాయ శాఖ దీని సాగు మీద ఏకంగా ఒక కరపత్రమే వేసింది. రాసింది డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ అనే వృక్షశాస్త్రవేత్త. తర్వాత ఆ మోజు తగ్గిపోయింది. ఇప్పుడు అసలు కాయతో చేసిన పాత కేలబాష్ దొరికితే పోగుచేసేవాళ్లు వదలరు.

బొమ్మల్లో, సినిమాల్లో డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ నోట్లో ఉండే వంకర పైపు ఇదే. నిజానికి కథల్లో ఆయన వాడేది మట్టి పైపు, బ్రయర్ పైపు, చెర్రీ కర్ర పైపు. ఆనపకాయ పైపు తర్వాతివాళ్లు తగిలించింది. ఆ కథల్లో మన సరుకు మాత్రం నిజంగానే ఉంది. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో హోమ్స్ బూడిదను చూసి అది ఏ పొగాకుదో పోల్చే విద్య గురించి చెబుతూ 'లంకా' చుట్ట పేరెత్తుతాడు. అది మన గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్ట! మద్రాసు దొరలకు అప్పట్లో అదంటే ప్రాణం.

ఇంత చెప్పాం కదా అని పొగ తాగమని కాదు. పైపు పొగ మింగం కదా, ఏం కాదు అనేది వట్టి మాట. నోటి కేన్సరు, గొంతు కేన్సరు, ఊపిరితిత్తుల కేన్సరు దాంతోనూ వస్తాయి. అడ్డపొగ పెట్టే మన ఉత్తరాంధ్ర అమ్మలకు అంగిట్లో పుండ్లు పడటం డాక్టర్లు ఎన్నాళ్లుగానో చెబుతున్నదే. పోగుచేసేవాళ్లలో ఒక్కసారీ వెలిగించకుండా చూసుకుని మురిసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పద్ధతే మేలు.

మరి మనకేంటి?

రేపు ఎవరైనా వచ్చి, "లావు బెండు విత్తనం ఇస్తాం, పైపు ఆనపకాయ పండించండి, మేమే కొంటాం" అంటే బయానా ఇవ్వకండి. ఈ పైపులకు లోకంలో ఉన్న గిరాకీయే చిన్నది. ఒక్క కంపెనీ, దాని సొంత పొలాలు ఉంటే చాలు, తీరిపోతుంది. మన హైబ్రిడ్ బెండు సన్నం, పైపుకు నిలవదు. దాన్ని చేలో మాత్రం తగలబెట్టకండి. పొడిగా నిలవ చేసుకుంటే ఏడాది వంటచెరకు అవుతుంది. ముక్కలు చేసి కుళ్లబెడితే ఎరువవుతుంది, కాకపోతే ఆలస్యంగా చివుకుతుంది కాబట్టి పేడతో కలిపి వేయాలి.

ఆనపకాయ బుర్ర సంగతి వేరు. కల్లుగీతవాళ్లు, పశువుల కాపర్లు నీళ్లు పోసుకున్న బుర్రలు మీ తాతల ఇళ్లలో ఉండే ఉంటాయి. సరదా ఉంటే ఈసారి పాదు మీద ఒక కాయను వదిలేయండి. పిందెప్పుడే మెడను మీక్కావలసిన వైపు తిప్పి, కింద పెంకో చెక్కో పెట్టండి. తొడిమ ఎండేదాకా కోయకండి. గోరు గుచ్చితే దిగకూడదు. రెండంగుళాల తొడిమ ఉంచి కోసి, గాలి ఆడే నీడలో వేలాడదీయండి. పైన బూజు పట్టినా భయపడకండి, గీకేస్తే పోతుంది. రెండు మూడు నెలలకు ఊపి చూస్తే లోపల గింజలు గలగలమంటాయి. ఒక్క జాగ్రత్త. తొక్క గట్టిగా ఉండే బుర్ర రకాల్లో చేదువి ఎక్కువ. చేదు ఆనపకాయ విషం, కూర వండకూడదు, రసం తాగకూడదు. ఆ పాదు దగ్గరున్న కూర ఆనప నుంచి వచ్చే ఏటికి విత్తనం కట్టకండి, పుప్పొడి కలిసి చేదు దిగుతుంది.